ఎదురు సుడి

చెంచమ్మను కిందటి వారం దుత్తలూరులో బస్సెక్కించి వదిలేశాను. ఒళ్లో గుడ్డ మూట, మూటలో ఇత్తడి కాఫీ ఫిల్టరు, మనసులో ఒకే ప్రశ్న: ఈ కళాయి పూసింది ఎవరు? అరవయ్యేళ్ల మనిషిని వారం రోజులు బస్సులో నిలబెట్టడం న్యాయమేనా అని మా ఇంట్లోనే నన్ను నిలదీశారు. నిలబెట్టలేదండీ. ఆవిడ ఎక్కగానే కండక్టరు లేచి తన సీటిచ్చాడు. ఆ రూటులో చెంచమ్మ చేతి కాఫీ తాగని కండక్టరు లేడు.

ఉదయగిరిలో ఆవిడ కోసం ఏం కాచుకుని ఉందో కూడా గుర్తు చేస్తాను. లేకపోతే ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్లు నన్ను తిట్టుకుంటారు. కళాయి ఫకీర్ సాహెబ్ పేరు ఆత్మకూరు దాకా పాకింది. ఇత్తడి ఫిల్టరుకు లోపల కళాయి, అంటే తగరం పూత, లేకపోతే రెండు రోజుల్లో చిలుమెక్కి కాఫీ కనరు పడుతుంది. పూత పూయడం బిందెకైతే ఎవరైనా పూస్తారు. ఫిల్టరు పైగిన్నె అడుగున ఆవగింజలో సగం దూరని బొక్కలు వందల్లో ఉంటాయి. కరిగిన తగరం వాటిలోకి దిగి గడ్డకట్టిందా, ఇక ఆ గిన్నె పాలు కాచుకోవడానికే. ఒక్క బొక్క పూడకుండా పూసే ఇల్లు ఈ చుట్టుపక్కల ఫకీర్ సాహెబ్‌ది ఒక్కటే. కానీ నాలుగేళ్ల కిందట ఆయన కళ్లకు పొర కమ్మింది. బిందెలు, గంగాళాలు వసారాలో ఆయనే తడుముకుంటూ పూస్తాడు. ఫిల్టర్లు మాత్రం పరదా వెనక కూతురు హసన్‌బీ పూస్తుంది. ఊరికి ఆ సంగతి తెలియదు.

తండ్రికి కూడా తెలియదని హసన్‌బీ నమ్ముతున్న సంగతి ఇంకొకటుంది. ఆమెది ఎడమచేతి వాటం. కాలుతున్న గిన్నెలో తగరం జారగానే దూది పట్టుకుని పూతను చుట్టూ సర్దేది ఆ ఎడమచెయ్యే. ఇందులో ఏముందని మీరనొచ్చు. ఎడమచేత్తో చిల్లర ఇస్తే పుచ్చుకోని మనుషులున్న ఊరండీ అది. ఎదురుగా కాఫీ క్లబ్బు నడిపే మాలకొండయ్యే అందులో మొదటివాడు. రోజూ నోటికి తగిలే పాత్ర లోపలంతా ఎడమచేత్తో తుడిచిందని తెలిస్తే ఒక్క ఇల్లు ఈ గడపకు గిన్నె పంపదు. తండ్రి నలభై ఏళ్ల పేరు నాలుగు రోజుల్లో పోతుంది. హసన్‌బీకి తిండి పోతుందన్న భయం కన్నా ఆ పేరు పోతుందన్న భయం పెద్దది.

చిన్నప్పుడు నాయనమ్మ వజీరున్నీసా ఆ ఎడమచేతికి గుడ్డ చుట్టి పీటముడి వేసి పడుకోబెట్టేది. పొద్దున లేచేసరికి కట్టు పక్కన పడి ఉండేది. నిద్రలో ఊడిపోయిందని హసన్‌బీ అనుకునేది. నాయనమ్మ మళ్లీ కట్టేది. అలా రెండేళ్లు సాగి, ముసలావిడ విసిగిపోయి వదిలేసింది.

సరే, బస్సు ఉదయగిరిలో ఆగింది. చెంచమ్మ దిగింది.

పది గంటల ఎండలో, చెప్పులు దుమ్ములో టపటపలాడిస్తూ నేరుగా సాహెబ్ వసారాకి వచ్చింది. ఫకీర్ సాహెబ్ అడుగుల చప్పుడు విని, కొలిమి తిత్తి ఊదడం ఆపకుండానే, దుత్తలూరమ్మ కదా అని పలకరించాడు. ఆవిడ ఔనని, గట్టు మీద కూర్చుని, పరదా వైపు తిరిగి హసన్‌బీని బయటికి పిలిచింది. ఆ పిలుపులో ఏముందో హసన్‌బీకి అర్థం కాలేదు. కొంగు నెత్తిన కప్పుకుని, ఎడమచేయి ఆ కొంగులోనే దాచుకుని వచ్చి నిలబడింది.

చెంచమ్మ మూట విప్పింది. హసన్‌బీ ఒక ఫిల్టరు వస్తుందనుకుంది. మూడు వచ్చాయి. మొదటిది మిలమిల మెరిసే స్టీలుది. ఆత్మకూరులో ఎరువుల కొట్టు పెట్టుకున్న కొడుకు పెంచలయ్య నెల్లూరు నుంచి తెచ్చిచ్చాడు. ఇంకా ఇత్తడి ఏందమ్మా, కళాయి పూసేవాళ్లు ఇంకెన్నాళ్లుంటారు, దాన్ని పాత సామాన్లలో వేసెయ్యి అని చెప్పి పోయాడు. చెంచమ్మ పదిహేను రోజులు స్టీలుదాంట్లోనే కాచింది. దాన్ని తిట్టలేదు. కడగడం తేలిక, చిలుమెక్కదు, పిల్లలకు మంచిదే అంది. డికాషన్ దిగేలోపల వేడి నిలవదు, అదొక్కటే దాని జబ్బు అంది.

నేను కాఫీ తాగి బతికేవాణ్ని. అందుకే ఈ ఆవిడ గురించి ఒక మాట చెప్పకుండా కథ నడపలేను. పెళ్లైన కొత్తలో నెల్లూరు పాత్రల బజారులో ఫిల్టరు కొనడానికి పోయి, కొట్టు అరలో ఉన్న పదకొండింటినీ ఒక్కొక్కటిగా వీధిలోకి తెచ్చి ఎండకెత్తి చూసిందట. వెలుతురు చుక్కలు అన్నీ ఒకే లావున కనబడిన పన్నెండోదాన్ని, కొట్టువాడు లోపల దాచుకున్నదాన్ని, తెప్పించి మరీ కొన్నది. పొడి మరీ మెత్తగా ఉండకూడదు, వేళ్ల మధ్య గరుకు తెలియాలి. పైన బిళ్లతో ఊరికే అదమాలి, పగబట్టినట్టు నొక్కకూడదు. ముందు గరిటెడు మరిగే నీళ్లు పోసి పొడిని తడవనివ్వాలి, పొంగు అణిగాక మిగిలినవి పోసి మూతపెట్టి అక్కణ్నుంచి లేచి పోవాలి. దగ్గర కూర్చుని మాటిమాటికీ మూత తీసేవాళ్లకు ఆవిడ కాఫీ ఇవ్వదు. కడిగేటప్పుడు చింతపండు బయటివైపుకే, లోపలికి బియ్యం కడిగిన నీళ్లు, జల్లించిన బూడిద, మెత్తని గుడ్డ. పీచు తగలకూడదు. బొక్కలకు చీపురుపుల్లే గాని గుండుసూది పెట్టకూడదు. ఆ తర్వాత ఎండలో బోర్లించాలి. నలభై ఏళ్లుగా ఒక్కరోజు కూడా ఈ పని ఇంకొకరికి అప్పజెప్పలేదు. అలాంటి చేతికి తెలియని మరక ఆ గిన్నెలో ఉంటుందా?

స్టీలుదాన్ని పక్కన పెట్టి పెద్ద ఇత్తడి ఫిల్టరు చేతిలోకి తీసుకుంది. తాను తగాదాకు రాలేదని, ఒక మాట తేల్చుకోవడానికి వచ్చానని మెల్లగానే చెప్పింది. తర్వాత అడిగింది.

"ఇది ఎవురు పూసినారుమే?"

"అబ్బానే పూసినాడవ్వా," అంది హసన్‌బీ.

"తిరగలి ఎటు తిరగతాది?"

చెంచమ్మ గిన్నెను ఎండకు ఏటవాలుగా వంచింది. దూది తిరిగిన జాడలు లోపల వెంట్రుకల్లాంటి గీతలై కనిపించాయి. కుడిచేతివాళ్లు తుడిస్తే ఆ సుడి తిరగలి తిరిగినట్టు పోతుంది. ఇది దానికి ఎదురు తిరిగి ఉంది.

"ఇంకో వింత చెప్తా విను," అంది చెంచమ్మ. "సాయిబుకు కళ్లు పొయ్యేదానికి ముందు పదైదేండ్లు నా కాఫీ ఒక మాదిరిగా ఉండింది. ఆయన కళ్లు మసకబారినాక బో బాగుపడింది. ఇదేం లెక్కమే?"

అబ్బా చెయ్యి తిరిగిన చెయ్యి అని, కళ్లు లేకున్నా వేళ్లే చూస్తాయని హసన్‌బీ ఏదో చెప్పబోయింది. చెంచమ్మ విన్నది, తలాడించింది, కాదనలేదు. పోనీలే అన్నట్టు గిన్నెను ఆమె చేతికిచ్చి, నడిమి వరసలో ఒక బొక్క పూడినట్టుంది, నా కళ్లకు ఆనడం లేదు, వెలుతురుకు పట్టి చూడమంది.

హసన్‌బీ జాగ్రత్తగా కుడిచేత్తోనే అందుకుంది. ఎండకెత్తి చూసింది. చుక్కల మధ్య ఒకచోట చీకటి. పనివాళ్లకు ఇక్కడే ఉంటుంది ముప్పు. అబద్ధం ఆడుతున్నామన్న సంగతి నోటికి గుర్తుంటుంది, చేతికి గుర్తుండదు. పూడిన బొక్క కనిపించగానే ఆమె ఎడమచెయ్యి కొంగులోంచి దానంతటది బయటికొచ్చి, గోడవారనున్న చీపురులోంచి పుల్ల విరిచి, మూడు వేళ్ల మధ్య తిప్పి, ఒక్క పోటుతో బొక్క తెరిచింది. చిన్న మైనం ముక్క రాలి పడింది.

"ఆ మైనం పెట్టింది నేనే," అంది చెంచమ్మ.

హసన్‌బీ తన ఎడమచేతిని చూసుకుంది. ఇంక దాచి లాభం లేదు. గిన్నె కింద పెట్టి, చెంచమ్మ దగ్గరగా ఒంగి, తండ్రికి వినబడకుండా బతిమాలింది.

"అబ్బాకి తెలీదవ్వా. ఊరికి చెప్పినా చెప్పు, ఆయనకు మాత్రం చెప్పొద్దు. ఆయన పేరు పోతే ఆయన బతకడు."

అప్పుడు గమనించింది. తిత్తి చప్పుడు లేదు. ఎప్పుడు ఆగిపోయిందో తెలియదు. ఫకీర్ సాహెబ్ కొలిమి ముందు చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని ఇటే ముఖం తిప్పి కూర్చుని ఉన్నాడు. హసన్‌బీకి ఏడుపొచ్చింది. ఇన్నేళ్లు కాపాడుకున్నది తన చేత్తోనే పోగొట్టుకున్నానని కుమిలిపోయింది.

చెంచమ్మ మాత్రం ఆమె తల మీద చెయ్యి వేసి, నేనేమన్నా తిట్టానా, గమ్మునుండు అని కసిరింది. నా కాఫీకి ప్రాణం పోసిన చెయ్యి ఏదో చూసి పోదామని వచ్చాను, చూశాను, కడుపు నిండింది అంది. ఆ మాట విని హసన్‌బీ నమ్మలేక ముఖమెత్తింది. ఎడమచేతిని మెచ్చుకున్న మనిషిని ఆమె చూడటం అదే మొదలు.

"కానీ నాకింకో అనుమానముండాది సాయిబూ," అని చెంచమ్మ మూడో ఫిల్టరు తీసింది.

అది చిన్నది, ఇద్దరికి సరిపోయేంతది. ఇత్తడి మీద మాసిన రంగు తప్ప వాడిన గుర్తే లేదు. దాని కథ చెంచమ్మ నాలుగు ముక్కల్లో చెప్పింది. ఇంటెడు జనానికి కాచే కాఫీలో మనిద్దరికీ మిగిలేది మడ్డే కదా, సాయంత్రం మనిద్దరికే వేరే పెట్టుకుందాం అని భర్త చెంచురామయ్య దాన్ని కొన్నాడు. ఇక్కడే, ఈ వసారాలోనే కళాయి పూయించి తెచ్చాడు. అది పొయ్యి దగ్గరికి పోకముందే ఆయన పోయాడు. ఇరవై రెండేళ్లుగా పెట్టెలోనే ఉంది. మొన్న పెద్దదాన్ని ఎండలో చూసినప్పుడు, ఎందుకో మనసు పీకి, దీన్ని కూడా తీసి పక్కన పెట్టి చూసిందట.

"రెండిట్లోనూ ఒకటే సుడి. ఈ పిల్లకు అప్పుడు రెండేళ్లు. ఇది పూసిందెవురు సాయిబూ?"

ఫకీర్ సాహెబ్ చెయ్యి చాపాడు. చెంచమ్మ గిన్నెను ఆ చేతిలో పెట్టింది. ఆయన బొటనవేలు లోపలికి పోయి, అంచు నుంచి అడుగుదాకా మెల్లగా దిగి, సుడి ముగిసే చోట, దూది ఎత్తిన చోట, ఆగింది.

"సుగ్రా," అన్నాడు.

సుగ్రాబీ హసన్‌బీ తల్లి. కూతురికి నాలుగేళ్లప్పుడు పోయింది. పరదా, పొగ, దగ్గు తప్ప తల్లి గురించి హసన్‌బీకి ఏమీ గుర్తు లేదు. ఇంట్లో ఆమె ఏం పని చేసేదో ఎవరూ చెప్పలేదు.

ఆయన చెప్పుకుపోయాడు. ఫిల్టరు కళాయి తనకు ఎప్పుడూ సరిగ్గా పట్టుబడలేదు. పదిలో రెండు బొక్కలు పూడేవి. కొత్తగా కాపురానికొచ్చిన సుగ్రా ఒకరోజు నవ్వి, ఇటివ్వమని తీసుకుని, ఎడమచేత్తో ఒక్క చుట్టు చుట్టి, వేడి మీదనే గిన్నెను పలక మీద బోర్లించి తట్టింది. ఒక్క బొక్క పూడలేదు. ఆ రోజు నుంచి ఫిల్టర్లన్నీ లోపలికి పోయేవి, మెప్పు మాత్రం వసారాలోకి వచ్చేది. అది బయటపడితే గిన్నెలు రావని తన తల్లి వజీరున్నీసా ఆమెను గడప దాటనివ్వలేదు. తానూ నోరు మెదపలేదు. ఆమె పోయాక మళ్లీ తనే పూసి, పూడిన బొక్కలు పుల్లతో పొడుచుకుంటూ నెట్టుకొచ్చాడు.

"ఫకీరు సాయిబు పేరు అంటారే, అది నా పేరు కాదమ్మా. సుగ్రాది. ఆమె పొయ్యినాక కూడా సిగ్గులేకుండా మోస్తానే ఉండాను."

ఆయన కళ్ల నుంచి నీళ్లు కారాయి. తుడుచుకోలేదు. హసన్‌బీ ఆ చిన్న గిన్నెను ఆయన చేతిలోంచి తీసుకుని, తన ఎడమచేతి బొటనవేలు లోపల పెట్టింది. సుడి వెంట వేలు సాఫీగా జారింది. తనే పూసినట్టుంది. తల్లి ముఖం గుర్తులేని పిల్లకు తల్లి చెయ్యి దొరికింది. ఇంతకన్నా నేనేం రాయలేను.

కొంచెంసేపయ్యాక ఆమెకు ఒక సంగతి తట్టి, తండ్రిని అడిగింది.

"నా చెయ్యి సంగతి నీకు ముందే తెల్సా అబ్బా?"

"నాయనమ్మ నీ చేతికి కట్టు కట్టేది, గుర్తుండాదా?"

"తెల్లారేతలికి ఊడిపొయ్యేది గదా."

"అది పీటముడి బిడ్డా. దానంతటది ఊడతాదా?"

హసన్‌బీ తండ్రి మోకాళ్ల మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన ఆమె ఎడమచేతిని వెతికి పట్టుకుని, మణికట్టు చుట్టూ వేళ్లు పోనిచ్చి, పాత ముడి ఇంకా ఉందేమోనని చూస్తున్నట్టు తడిమాడు. చెంచమ్మ ముక్కు చీదుకుని, ఏడుపులకు తర్వాత చాలా టైముంది, ముందు మీ పొయ్యి ఎక్కడుందో చూపించమంది. దారిలో తాగుదామని తన పొడి డబ్బా తెచ్చుకుంది ఎలాగూ. ఆ చిన్న ఫిల్టరును మరిగే నీళ్లతో రెండుసార్లు కడిగి, పొడి వేసి, అదిమి, తడిపి, నీళ్లు పోసి మూత పెట్టింది. పెద్దరైతు ఇంటి కోడలు సాహెబ్ ఇంటి పొయ్యి మీద కాఫీ కాచడం ఆ రోజుల్లో చిన్న మాట కాదు. ఆవిడ దాన్ని చిన్న మాటగానే చేసేసింది. ఇరవై రెండేళ్లు ఆగిన కాఫీ, ఇంక నలభై నిమిషాలు ఆగలేదా అని మాత్రం అంది.

ఆ నలభై నిమిషాల్లోనే జరిగింది అసలు సంగతి. ఫకీర్ సాహెబ్ పెద్ద ఫిల్టరును కూతురి ముందుకు తోసి, దానికి ఏటా వేయాల్సిన కళాయి ఇప్పుడే వెయ్యమన్నాడు. పరదా వెనక కాదు, ఈ వసారాలోనే, బజారు చూస్తుండగా వెయ్యమన్నాడు. మీ అమ్మను లోపల కూర్చోబెట్టి తప్పు చేశాను, నిన్ను కూడా కూర్చోబెట్టి పోలేను అన్నాడు. రేపటి నుంచి గిన్నెలెవరిస్తారని హసన్‌బీ అడిగింది.

"నేనిస్తుండా గదా," అంది చెంచమ్మ. "ముందు నాది కానీ."

హసన్‌బీ కొలిమి ముందు కూర్చుంది. తండ్రి తిత్తి ఊదాడు. నిప్పులు ఎర్రబడ్డాయి. గిన్నె కాగింది. తగరం అంటుకోవడానికి నవాసారం పొడి చల్లగానే తెల్లని పొగ లేచి బజారులోకి పోయింది. ఆ పొగ ఆ వీధిలో అందరికీ తెలిసిందే, కానీ పొగలో ఆడపిల్ల కనబడటం కొత్త. కిళ్లీ కొట్టు దగ్గర ఇద్దరు ఆగారు. ఎదుటి కాఫీ క్లబ్బులోంచి మాలకొండయ్య బయటికొచ్చాడు. చంకలో క్లబ్బు ఫిల్టరు ఉంది, కళాయికే తెస్తున్నాడు. రోడ్డు దాటి వసారా మెట్టు కింద నిలబడి, ఇదేమిటన్నట్టు చూశాడు.

తగరం కడ్డీ ఆనగానే కరిగి గిన్నె అడుగున జారింది. ఇక రెప్పపాటు కూడా ఆలస్యం పనికిరాదు. గడ్డకడితే వందల బొక్కలూ పోతాయి, చెంచమ్మ నలభై ఏళ్ల ఫిల్టరు పోతుంది. హసన్‌బీ దూది అందుకుంది. మాలకొండయ్య కళ్లు తన మీద ఉన్నాయి. భయం చేతిని మార్చింది. కుడిచేత్తో ఒక్క తిప్పు తిప్పింది.

"ఆ చెయ్యి కాదు," అన్నాడు ఫకీర్ సాహెబ్.

కళ్లు లేవు ఆయనకు. దూది చప్పుడు విన్నాడు. మెట్టు కింద ఎవరు నిలబడ్డారో కూడా ఆయనకు అడుగుల చప్పుడును బట్టి తెలుసు. అయినా బజారంతా వినేటంత గట్టిగా ఇంకోసారి చెప్పాడు.

"మీ అమ్మ చేత్తో పూయి."

దూది చెయ్యి మారింది. తగరం మీద సుడి ఎదురు తిరిగింది, ఒక్కటే చుట్టు, అంచు నుంచి అడుగుదాకా. పలక మీద బోర్లించి తట్టి, ఎడమచేత్తోనే గిన్నెను ఎండకెత్తింది. ఒక్క బొక్క పూడలేదు. వెలుతురు చుక్కలు ఆమె ముఖం మీద పడ్డాయి.

లోపల చిన్న ఫిల్టరు దిగడం అయిపోయింది. చెంచమ్మ గ్లాసులు పట్టుకుని బయటికొచ్చింది. ఒకటి ఫకీర్ సాహెబ్ చేతికిచ్చి, రెండోది తీసుకుపోయి మాలకొండయ్య ముందు మెట్టు మీద పెట్టింది.

"ఇదీ ఎడమచేతి కళాయే మాలకొండయ్యా. నీ క్లబ్బులో నాలుగేళ్లుగా నువ్వు తాగతా, ఊరికి పోస్తా ఉండేది కూడా అదే. తాగి చెప్పు, ఏమన్నా తేడా ఉండాదేమో."

మాలకొండయ్య పొగలు కక్కుతున్న గ్లాసును చూశాడు. హసన్‌బీ ఎడమచేతిని చూశాడు. వెనక గుమిగూడుతున్న జనం అతని నోటికేసి చూస్తున్నారు. అతను చంకలోని ఫిల్టరును కింద పెట్టలేదు. వెనక్కి తిరిగి పోనూ లేదు. తాగాడా లేదా, వచ్చే వారం చెప్తాను.